నేను వినని నా గురక

దెయ్యాలూ భూతాలూ అంటే నాకెన్నడూ నమ్మకం లేదు. మాడుగులలో మా ఇల్లు శ్మశానానికెళ్ళే దారిలోనే ఉండేది. చీకటి పడ్డాక ఆ దారిలో ఒక్కదాన్నే వెళ్ళి చింతకాయలు కోసుకొచ్చిన దాన్ని నేను. అమ్మవారు పూనిందని ఎవరైనా ఊగుతుంటే అందరూ దండాలు పెట్టేవారు, నాకేమో నవ్వాగేది కాదు. మా అమ్మ నెత్తిమీద మొట్టికాయ వేసేది.

నేను నమ్మనిది ఇంకోటుంది. నేను గురక పెడతానంటే నమ్మలేదు. దెయ్యాన్నయినా చూసేమని చెప్పేవాళ్ళు ఊరికొకరు దొరుకుతారు. తన గురక తాను విన్న మనిషి ఉంటే తీసుకురండి, చూద్దాం.

ఇప్పుడు చెప్పేది నాకే జరిగింది. కాకపోతే జరిగినంతసేపూ నేను నిద్రలో ఉన్నాను. అందుకని నేను కళ్ళారా చూసిందేదో, ఒకరు చెప్పగా విన్నదేదో విడదీసి చెప్తాను. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. నాకేం ఒరిగేది లేదు.

యాభైల నాటి మాట. మా తాతకి పొలం ఉండేదట, నిలబెట్టుకోలేకపోయేడు. మా అయ్య కుట్టుమిషను పట్టుకుని మాడుగుల బజార్లో దర్జీ పనికి కూర్చున్నాడు. నన్ను మాత్రం రైతుల ఇంటికే ఇవ్వాలని పట్టుబట్టి, చోడవరంలో చెరుకు పండించే ఇంట్లో సంబంధం కుదిర్చేడు.

ఆ ఇంట్లో మా అత్త, మా ఆయన, అంతే. మావ లేడు. మా పెళ్ళికి రెండేళ్ళ ముందే పోయేడు. ఆయన్ని నేను చూడలేదు, ఆయన గొంతు వినలేదు. గోడమీద ఫోటో అయినా లేదు. పెరట్లో ఆయన ఎద్దు మాత్రం ఉండేది. ముసలిదైపోయింది, ఏ పనికీ రాదు. అమ్మేయమని ఎవరన్నా అంటే, "అది మా ఇంటాయనది" అని అత్త మాట తుంచేసేది.

పెళ్ళయి వెళ్ళిన కొత్తలో అత్త నన్నొక్క మాట అనలేదు. కడుపునిండా పెట్టేది. కానీ పొద్దున్న లేచేసరికి ఆవిడ కళ్ళు మిరపకాయల్లాగ ఉండేవి. నాకేసి చూసేది. మొహంలోకి కాదు, నోటికేసి. నేనేం తప్పు మాట్లాడేనో అని రోజంతా కుమిలిపోయేదాన్ని.

మా ఆయన్ని అడిగి లాభం లేదు. పొద్దంతా చేలో వంగి వచ్చిన మనిషి, పడుకున్నాడంటే పక్కన డప్పు వాయించినా కదిలేవాడు కాదు. "మా అమ్మకి నిద్దర పట్టదు, మా నాన్న పోయిన కాడ్నించీ అంతే" అన్నాడు. అంతటితో ఆయన సాక్ష్యం సరి.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల అత్తారింట్లో ఉండకూడదు కదా, అయ్య వచ్చి నన్ను మాడుగుల తీసుకెళ్ళిపోయేడు. శ్రావణం రాగానే అత్తారింటివాళ్ళే వచ్చి తీసుకెళ్ళాలి. వాళ్ళు రాకుండా మనంతట మనం పెట్టె పట్టుకుని పోకూడదు. అది పద్ధతి.

శ్రావణం వచ్చింది. చోడవరం బస్సు వచ్చిన చప్పుడైతే చాలు, నేను వీధి గుమ్మంలో ఉండేదాన్ని. శ్రావణ శుక్రవారాలన్నీ అయిపోయేయి. ఎవరూ రాలేదు. "ఏటే గుంటా, ఇంకా రానేదా మీవోళ్ళు?" అని నూతికాడ ఆడవాళ్ళు అడిగేవారు. జాలిగా అడిగేవాళ్ళని చూస్తేనే నాకు ఎక్కువ ఒళ్ళు మండేది.

వినాయక చవితి కూడా దాటిపోయింది. ఇంక అయ్య ఉండబట్టలేక తనే చోడవరం వెళ్ళేడు. సాయంత్రం బస్సుకి దిగి వచ్చి, తలగుడ్డ విప్పి దులిపి, గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఏటన్నారు?" అంది అమ్మ.

"గుంటకి గురకంట."

అమ్మకి ముందు నవ్వొచ్చింది. తరవాత అయ్య మొహం చూసి నోరు కొట్టుకుంది. "గురకకి కోడల్ని వదిలేస్తారేటి ఎక్కడైనా!"

అత్త ఏం చెప్పిందో అయ్య ఉన్నదున్నట్టు చెప్పేడు. "గుంట మంచిది తమ్ముడూ, వంక పెట్టడానికేటీ నేదు. పని నేరుస్తంది, మాట వింటాది. ఆ గురక మాత్రం నేను పడలేను. అది వింటూ ఆ ఇంట్లో నేను బతకలేను" అందట. మా ఆయన పక్కనే ఉన్నాడట, తల దించుకుని.

మగవాడు గురక పెడితే కష్టపడే మనిషి, సుఖంగా పడుకున్నాడంటారు. ఆడది గురక పెడితే ఇంట్లో లక్ష్మి నిలవదనేవారు మా కాలంలో ముసలమ్మలు. ఇంకేం, ఊరంతా చెప్పుకోవడానికి దొరికింది. నేను ఆ రోజు తిండి తినలేదు. అబద్ధం, అబద్ధం అని ఏడ్చేను.

అబద్ధమే అనిపించింది మావాళ్ళకి కూడా. ఎందుకంటే ఆ రాత్రి నుంచి అమ్మా అయ్యా వంతులు వేసుకుని, కిరసనాయిలు బుడ్డి పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు. ఒక్కరోజు కాదు, వరసగా చాలా రోజులు. చప్పుడు లేదు. "ఊపిరి ఆడతందో నేదో అని ముక్కుకాడ సెయ్యెట్టి సూసేను. గురకేటి, గుడ్డుపెంకేటి" అన్నాడు అయ్య.

ఇది రాసుకోండి. పుట్టింట్లో నాకు గురక లేదు. పెళ్ళికి ముందు లేదు, అప్పుడూ లేదు.

అమ్మ పెద్దమనుషుల్ని కూడగట్టి వెళ్ళి నిలదీద్దామంది. అయ్య ఒప్పుకోలేదు. ఆయన నెమ్మదైన మనిషి, గుడ్డమీద కత్తెర పెట్టే ముందు పదిసార్లు ఆలోచించే రకం. "ఉందో నేదో మనకెందుకే. ఉందన్నోళ్ళ ఇంటికి, అది పోగొట్టే సామాను పట్టుకెల్తే పోనా? గుంటని దింపడానికి మనకో సాకు దొరుకుతాది" అన్నాడు.

అలాగ మొదలైంది లేని రోగానికి మందు.

వెల్లకిలా పడుకుంటేనే గురకొస్తుందని మా వీధి కాంపౌండరు చెప్పేడట. దాంతో అయ్య నా రవికకి వెనకాల, రెండు భుజాల మధ్యా ఒక జేబు కుట్టేడు. అందులో దారం అయిపోయిన కర్ర రీలు ఒకటి పెట్టి మూతి కుట్టేశాడు. వెల్లకిలా తిరిగితే రీలు గుచ్చుకుంటుంది, మనిషి పక్కకి తిరుగుతుంది. ఆ తరవాత బూరుగు దూదితో ఒక తలగడ, ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం. ఆ తరవాత సైకిలు షాపులో వాల్వు ట్యూబు ముక్కలు రెండు తెచ్చి, ముక్కులో పెట్టుకోమన్నాడు, గాలి బాగా ఆడుతుందని. అవి పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఇన్ని రోజులకి నాకు నవ్వొచ్చింది. అయ్య కూడా నవ్వేడు.

ఆఖరున దవడ పట్టీ. నోరు తెరుచుకోకుండా ఉంటే గురక రాదు కదా అన్నాడు. తెల్ల లాంక్లాతు ముక్క మడత మీద మడత పెట్టి, గడ్డం కింద కొంచెం దూది కూరి, నడినెత్తిన గుండీ పెట్టుకునేలాగ. దానికి కొలత తీసుకోవాలి. పెళ్ళి రవికలకి తీసుకున్న టేపే అది. అయ్య దాన్ని గడ్డం నుంచి నెత్తికి చుట్టి కొలత చూసేడు. "నీకిలాంటివి కుట్టాల్సొస్తదనుకోనేదమ్మా" అన్నాడు.

కొట్టుకి వచ్చినవాళ్ళు అదేంటని అడిగితే, పట్నం ఆర్డరని చెప్పేవాడు.

సామానంతా రేకు పెట్టెలో సర్ది, ఒక పొట్లం హల్వా పట్టుకుని, అయ్యా నేనూ బస్సెక్కేం. పద్ధతి తప్పిన ప్రయాణం.

అత్త కాళ్ళకి నీళ్ళిచ్చింది. అయ్య పెట్టె తెరిచి ఒక్కొక్కటీ చూపించేడు. ఆవిడ నవ్వలేదు, చిరాకు పడలేదు. "వారం రోజులు సూడక్కా. అప్పటికీ తగ్గకపోతే నేనే వచ్చి తీసుకుపోతాను. మరి నీ గుమ్మం తొక్కం" అన్నాడు అయ్య. ఆవిడ సరేనంది.

మా ఆయన తలుపు చాటున నిలబడి నన్ను చూసి నవ్వి, తల్లి చూస్తుందేమో అని మొహం తిప్పేసుకున్నాడు. ఆ నవ్వు చూసేక, చచ్చినా ఈ ఇంట్లోంచి కదలకూడదనుకున్నాను. వారం రోజుల్లో ఎలాగైనా ఆ మాయదారి గురక పోవాలి. అంతే నాకు కావలసింది.

పొద్దున్నే అత్త మొహం చూస్తే ఫలితం తెలిసిపోయేది. మొదటి రోజు రీలు రవిక. నాకు వీపు హూనమయింది. "పక్కకి తిరిగి పెట్టేవు" అంది అత్త. తలగడకి నా మెడ పట్టేసింది, గురక పోలేదట. వాల్వు ట్యూబులైతే తుమ్మొచ్చి ఎగిరిపోయేయి, ఒక ముక్క పొద్దున్న మా ఆయన చెవి దగ్గర దొరికింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని, ఇదేం పురుగే అని అరిచేడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఇంక దవడ పట్టీ ఒక్కటే మిగిలింది. దేవుడా నీదే భారం అనుకుని, గట్టిగా గుండీ పెట్టుకుని పడుకున్నాను.

తెల్లారగట్ట ఎవరో నన్ను పట్టి కుదిపేస్తున్నారు. కళ్ళు తెరిస్తే అత్త. దీపం పక్కన పడేసి, రెండు చేతుల్తో నా దవడ పట్టీ పీకేస్తోంది. గుండీ తెగి ఎగిరిపోయింది. "లెగవే! లెగు! నోరు తెరు! మాటాడవే!" అని ఏడుస్తోంది. ఆవిడ గోళ్ళు గీరుకుని నా బుగ్గ మీద రక్తం వచ్చింది. డప్పుకి లేవని మా ఆయన కూడా ఆ అరుపుకి లేచేడు.

ఏడుస్తున్న ఆవిడ చేతిలో ఆ తెల్ల గుడ్డ చూసేక నాకు అర్థమైంది. మావైపు మనిషి పోతే మొదట చేసే పని అదే. నోరు తెరుచుకుపోకుండా గడ్డం కింద నుంచి తెల్లగుడ్డ వేసి నడినెత్తిన ముడేస్తారు. అయ్య కుట్టింది అచ్చం అదే. కుట్టినాయన దర్జీ, కొలత కుదిరిందా లేదా అని చూసేడు. నేనూ అమ్మా, బాగా పట్టిందా లేదా అని చూసేం. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు, ఏం కుట్టేమో! ఇంతకంటే అపశకునం ఇంకేముంటుంది? నా పని అయిపోయిందనుకున్నాను.

అత్త ఆ పట్టీని పొయ్యిలో పెట్టి కాల్చేసింది. కాలిపోయేదాకా అక్కడే కూర్చుంది. "మరెప్పుడూ నోరు కట్టుకోకు" అంది, నాకేసి చూడకుండా. వెళ్ళిపో అనలేదు. ఉండమనీ అనలేదు. అయ్య వచ్చే రోజు దగ్గర పడింది. నేను నా బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుకోవడం మొదలుపెట్టేను.

ఆ మధ్యాహ్నం ఏడ్చి ఏడ్చి, చాప కూడా వేసుకోకుండా నట్టింట్లో నిద్రపోయేను. ఇక్కడినుంచి కాసేపు చినమావ చెప్పిన మాట. ఆయన మా మావకి తమ్ముడు, రావికమతంలో ఉండేవాడు. ఏదో పనిమీద వచ్చి, వీధి తలుపు వేసుందని పెరటివైపు నుంచి వచ్చేడు. అత్త నీళ్ళకెళ్ళింది. మా ఆయన చేలో ఉన్నాడు.

పెరట్లో ముసలి ఎద్దు గుంజ చుట్టూ తిరుగుతోందట. ఎవరూ తోలడం లేదు. మెడ కొంచెం వంచి, కాడి మోస్తున్నట్టే, ఒకే అడుగు ఒకే అడుగుగా తిరుగుతోంది. కాసేపటికి ఆగిపోయింది. లోపల్నుంచి గురక వినిపిస్తోంది. గురక మధ్యలో నాలుక అంగిట్లో కొట్టిన చప్పుడు, రెండు సార్లు, వెంటనే "హయ్" అని సన్నగా ఒక అదిలింపు. అది వినగానే ఎద్దు మళ్ళీ కదిలిందట.

బెల్లం వండే రోజుల్లో చెరుకు గానుగ రాత్రంతా ఆగకూడదు. ఎద్దు తిరుగుతూనే ఉండాలి, వెనక దూలం మీద మనిషి కూర్చుని ఉండాలి. మనిషి గొంతు వినిపించకపోతే ఎద్దు ఆగిపోతుంది. అందుకని కునికిపాట్లు పడుతూ కూడా అదిలిస్తూనే ఉంటారు. మా మావకి అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంట్లో మంచం మీద పడుకున్నా నాలుగు గురకలకో అదిలింపు ఉండేదట. ఊళ్ళో అందరూ దానికి నవ్వుకునేవారట.

చినమావ మళ్ళీ ఆ చప్పుడు వచ్చేదాకా నిలబడి విన్నాడు. ఎద్దు మళ్ళీ ఆగింది, సరిగ్గా నాలుగు గురకలకి అదిలింపు మళ్ళీ వచ్చింది, ఎద్దు మళ్ళీ కదిలింది. ఆయన "అన్నా!" అని ఒక్క కేక పెట్టేడు.

ఆ కేకకే నేను లేచేను. ఇప్పుడు చెప్పేది నేను చూసింది. గుమ్మంలో ఆయన స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు, కళ్ళ నిండా నీళ్ళు. నన్ను చూసి ఒకడుగు వెనక్కి వేసేడు. పెరట్లో, వానకి మెత్తబడ్డ నేలమీద గుంజ చుట్టూ గుండ్రంగా గిట్టల దారి పడి ఉంది. ఒక్కసారి తిరిగితే పడే దారి కాదది. అంతకుముందు రోజుల్లో ఎప్పుడైనా పడిందేమో, నేను చూడలేదు. ఎద్దు ఆయాసపడుతోంది.

అత్త నీళ్ళ బిందెతో వచ్చింది. చినమావ, "వదినా, ఇంట్లో..." అని ఆగిపోయేడు.

"తెలుసు" అంది ఆవిడ. బిందె దించి, అరుగు మీద కూర్చుంది. "ఈ గుంట వచ్చిన మొదటి రాత్రే తెలిసిపోయింది. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న దాన్ని, నాకు తెలవదేటి?"

అప్పుడు చెప్పింది. మావ పోయిన రాత్రి సంగతి.

"గానుగ కాడ్నించి వచ్చి పడిపోయేడు. ఇంక గురక. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ ఒక్క రాత్రీ నన్ను నిద్దరోనివ్వడు కదా అని తిట్టుకున్నాను. ఉన్నట్టుండి ఆగిపోయింది. హమ్మయ్య, ఈ పూటైనా పడుకుంటాననుకున్నాను. హాయిగా పడుకున్నాను. తెల్లారి లేపితే... అప్పటికే కట్టె." కొంగు నోట్లో కుక్కుకుంది. "గురక ఆగినప్పుడు నేను లేచి సూడాల. సూడనేదు. సంతోషపడ్డాను. అందుకే వచ్చేడు, నన్ను అడగడానికి."

నాకప్పటికి ఆవిడ మీద ఉన్న కోపమంతా పోయింది. పొద్దున్న పట్టీ కట్టుకుని, చప్పుడు లేకుండా పడున్న నన్ను చూసి ఆవిడ గుండె ఏమైపోయి ఉంటుందో తలుచుకుంటే నాకే ఏడుపొచ్చింది. పాపం, ఆ ఇంట్లో గురకున్నా ఆవిడకి నిద్ర లేదు, లేకపోయినా లేదు.

సాయంత్రం మా ఆయన వచ్చేక చినమావ, చీడికాడ దగ్గర భూతవైద్యుడున్నాడు, తీసుకొద్దామన్నాడు. మా ఆయన కూడా తలూపేడు. అత్త లేచి నిలబడింది. "నా పెనిమిటిని నా ఇంట్లోంచి తరమడానికి ఎవుడ్రా వాడు? గుంటకి జొరమొచ్చిందా, నొప్పొచ్చిందా? ఎవుల్నీ పిలవొద్దు." తరవాత నాకేసి తిరిగి, "నీకు బయ్యంగా ఉందా?" అని అడిగింది.

"నాకేటీ తెలవదత్తా. నేను నిద్దరోతన్నాను కదా" అన్నాను. నిజం అంతే మరి.

ఆ రాత్రి మా ఆయన్ని అరుగు మీద పడుకోమని, అత్త తన చాప తెచ్చి నా పక్కన వేసుకుంది. నాకు నిద్ర పట్టదనుకున్నాను, పట్టేసింది. వయసు అలాంటిది.

లోపల్నుంచి వాళ్ళమ్మ గొంతు వినిపించిందని మా ఆయన తరవాత చెప్పేడు. పోట్లాట కాదట, ఏడుపూ కాదట. పక్కనున్న మనిషితో మామూలుగా మాట్లాడినట్టు, చాలాసేపు మాట్లాడిందట. ఏం మాట్లాడిందని అడిగితే, "మా అమ్మా నాన్నా మాటాడుకుంటంటే నేనెలాగ వింటానే? దుప్పటి కప్పేసుకున్నాను" అన్నాడు. ఎంత గిల్లి అడిగినా అంతకుమించి చెప్పలేదు.

పొద్దున్న నేను లేచేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చేసింది. అత్త ఇంకా పడుకునే ఉంది. కోడి కూయకముందే లేచే మనిషి! నా ప్రాణం పోయినంత పనైంది. వంగి ముక్కు దగ్గర చెవి పెట్టేను. అన్నం గిన్నె మీద మూత కదిలినట్టు, బుస్సు బుస్సుమని సన్నగా గురక.

అత్త గురక పెడుతోంది. రెండేళ్ళ నిద్ర అది. నేనక్కడే కూర్చుని ఈగలు తోలుతూ, ఎవరైనా గట్టిగా మాట్లాడితే నోటిమీద వేలు పెట్టి ఊరుకోబెట్టేను. మా ఆయన చద్దన్నం తనే పెట్టుకుని తిని చేలోకి వెళ్ళిపోయేడు.

ఆ రోజు నుంచి నేను గురక పెట్టలేదు. మళ్ళీ ఎప్పుడూ పెట్టలేదు. నలుగురు పిల్లల్ని కన్నాను, ముసలిదాన్నయ్యేను, జలుబు చేసినప్పుడు కూడా నాకు గురక రాదు. మా పిల్లలు ఈ కథ విని, ఎక్కడిదమ్మా నీకు గురక అని నవ్వుతారు.

వారం అయ్యేక అయ్య వచ్చేడు, పాలిపోయిన మొహంతో. అత్త ఎదురెళ్ళి, "తగ్గిపోయింది తమ్ముడూ. నీ సామాను పనిచేసింది" అంది. అయ్య మొహం చూడాలి అప్పుడు! అది మొదలు మాడుగుల బజార్లో ఎవరికి గురకన్నా మా అయ్య రీలు రవికలూ రీలు బనీన్లూ కుట్టి ఇచ్చేవాడు. దవడ పట్టీ మాత్రం కుట్టొద్దని నేనే బతిమాలేను. కారణం చెప్పలేదు.

ఒక డాక్టరుగారు ఈ సంగతంతా విని, కొత్త చోటు, బెరుకు, దానివల్ల గురక వచ్చి ఉంటుంది, అలవాటయ్యేక పోయి ఉంటుందన్నారు. అయ్యుండొచ్చు. ఎడ్లని అదిలించడం వీధిలో ఎక్కడో విని ఉంటావు, అది నిద్రలో వచ్చి ఉంటుందన్నారు. అదీ అయ్యుండొచ్చు. దర్జీ ఇంట్లో పుట్టిన నాకు, నేను చూడని మనిషి లెక్క, నాలుగు గురకలకో అదిలింపు అని ఎవరు చెప్పేరు? ఆ ఎద్దుకి ఎవరు చెప్పేరు? నాకు తెలీదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. మరి అదేంటంటే చెప్పలేను.

అయ్య రావడానికి ముందు రాత్రి సంగతి ఒకటి ఉండిపోయింది. అప్పటికి రెండు రాత్రులైంది నా గురక ఆగి. అత్త పొద్దున్నే, "రాత్రి రానేదే" అని మెల్లిగా అనుకోవడం విన్నాను. నాకు కొత్త భయం పట్టుకుంది. గురక పెడుతున్నానని నన్ను వద్దంది. ఇప్పుడు ఆ గురక కోసమే చూస్తోంది. అది లేకపోతే ఇంక నేనెందుకు ఆవిడకి? రేపు అయ్య వస్తాడు, పెట్టె సర్ది ఉంది.

దీపం తగ్గించేక, కళ్ళు మూసుకుని నేనే గురక పెట్టడం మొదలుపెట్టేను. నాకు చేతనైనట్టు. మధ్యలో ఆ అదిలింపు కూడా చెయ్యబోయేను, నాలుక తిరగలేదు. దగ్గొచ్చింది. మళ్ళీ గురక ఎత్తుకున్నాను.

చీకట్లో అత్త చెయ్యి వచ్చి నా తలమీద పడింది.

"ఒసే, ఆ దొంగ గురక ఆపి పడుకో. ఆయనెల్లిపోయేడు. నువ్వుండు."

నేను పక్కకి తిరిగి పడుకున్నాను.